తిరుపతిలో తెలుగు–బెంగాలీ పెళ్ళి, చేతిలో ఐదు వారాలే: ముహూర్తం, క్రమం, సామాను, భోజనాలు ఎట్లా?

స్వర్ణముఖి:
అందరికీ నమస్కారం. అమ్మాయి వాళ్ళది తిరుపతి, అబ్బాయి వాళ్ళది కోల్‌కతా. ఇద్దరూ హిందువులే, రెండు వైపులా పెద్దవాళ్ళు ఒప్పుకున్నారు. అబ్బాయి జనవరిలో ఉద్యోగానికి విదేశం వెళ్ళాలి కాబట్టి పెళ్ళి ఐదు వారాల్లో అయిపోవాలి. మన వైపు 350 మంది, వాళ్ళ వైపు 45 మంది. మాంగల్యధారణ లేకుండా మనవాళ్ళు ఒప్పుకోరు, సింధూరం లేకుండా వాళ్ళు ఒప్పుకోరు. పొద్దున మన పెళ్ళి, రాత్రి వాళ్ళ పెళ్ళి అని రెండు పెట్టుకోవాలా? ముందు ఏది తేల్చుకోవాలి?

పులిచెర్ల పంతులు:
ముందు తేలాల్సింది తేదీ. మండపం, వంటవాళ్ళు, పూలు అన్నీ ఆ తర్వాతే.

మనది చాంద్రమానం, వాళ్ళ నెలలు సౌరమానం. మనకు ఆషాఢం, భాద్రపదం, పుష్యం పనికిరావు. వాళ్ళకు భాద్రం, కార్తికం, పౌషం, చైత్రం పనికిరావు. పేర్లు ఒకటే కదా అని మోసపోకండి, తేదీలు కలవవు. మనం కార్తీకంలో పెళ్ళిళ్ళు చేస్తాం. వాళ్ళ కార్తికం అక్టోబర్ మధ్య నుంచి నవంబర్ మధ్య దాకా ఉంటుంది, ఆ నెల వాళ్ళు ముట్టుకోరు. వాళ్ళ అగ్రహాయణం నవంబర్ 17, 18 తేదీల్లో మొదలై డిసెంబర్ 15, 16 దాకా నడుస్తుంది. ఆ తర్వాత సూర్యుడు ధనుస్సులోకి వెళ్తాడు. మనకు ధనుర్మాసం, వాళ్ళకు పౌషం, ఇద్దరికీ తలుపులు మూసినట్టే. అంటే మీకున్న కిటికీ డిసెంబర్ 15 దాకానే. దాంట్లో గురు మౌఢ్యం, శుక్ర మౌఢ్యం లేవని పంచాంగంలో చూసుకోండి. ఉంటే మన వైపు ఏ అయ్యవారూ లగ్నం రాయరు.

ఇంకో మాట. వాళ్ళలో రెండు రకాల పంజికలు, అంటే పంచాంగాలు ఉన్నాయి. గుప్తా ప్రెస్ పంజిక పాత సూర్యసిద్ధాంత లెక్క, విశుద్ధ సిద్ధాంత పంజిక దృక్ లెక్క, అంటే గ్రహాలు ఆకాశంలో నిజంగా కనబడే చోట్ల లెక్క. వాళ్ళ ఇంట్లో ఏది చూస్తారో అడిగి, ఆ పంజికలో పెళ్ళి తేదీలన్నీ తెప్పించుకోండి. మన సిద్ధాంతి చేత నాలుగైదు లగ్నాలు రాయించి పక్కపక్కన పెట్టుకుంటే రెండో మూడో కలుస్తాయి. ఒక్క తేదీ రాసి 'ఇదే ఖాయం' అని వాళ్ళకు పంపారంటే వారం రోజులు ఫోన్లకే పోతుంది.

కోనేటిమెట్టు:
పంతులు గారూ, వాళ్ళ పెళ్ళిళ్ళు సాయంత్రం పొద్దు గుంకాక కదా? మన చిత్తూరు వైపేమో ముందురోజు రాత్రి రిసెప్షన్, తెల్లారి ముహూర్తం. ఇది ఎట్ల కుదురుతుంది?

పులిచెర్ల పంతులు:
తెల్లారి ముహూర్తం మనకు అలవాటే గాని శాస్త్రం కాదు. రాత్రి లగ్నాలు మనకూ బోలెడున్నాయి. గోధూళి లగ్నమంటే, అదే పొద్దు గుంకే వేళ లగ్నమంటే, వాళ్ళకు ప్రాణం. డిసెంబర్ మొదటి వారంలో తిరుపతిలో సూర్యాస్తమయం ఐదూ ముప్పావు ప్రాంతంలో, అప్పటికి వృషభ లగ్నం నడుస్తుంటుంది. చిక్కు ఏమంటే, గోధూళికి సూర్యుడు ఎప్పుడూ సప్తమంలోనే, అంటే లగ్నం నుంచి ఏడో ఇంట్లోనే ఉంటాడు. గోధూళికి ఆ దోషం పట్టదనేవాళ్ళు ఉన్నారు, సప్తమ శుద్ధి లేనిదే, అంటే ఆ ఏడో ఇల్లు ఖాళీగా లేనిదే కలం పట్టనివాళ్ళూ ఉన్నారు. మీ సిద్ధాంతి రెండో రకమైతే మిథున లగ్నం అడగండి. సుమారు ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా ఉంటుంది, సూర్యుడు ఆరో ఇంటికి జరుగుతాడు. ఆ వేళ వాళ్ళకూ నచ్చుతుంది. మిథునానికి ఏడో ఇల్లు ధనుస్సు, దాంట్లో వేరే గ్రహం లేదని మాత్రం చూసుకోవాలి.

రెండు పెళ్ళిళ్ళ సంగతి. కన్యాదానం ఒక్కసారే. పొద్దున దానం ఇచ్చేసిన పిల్లని రాత్రి మళ్ళీ ఎవరు ఇస్తారు, ఎట్ల ఇస్తారు? దానం, అగ్ని, సప్తపది ఒక్కసారి జరగాలి. మిగతా ముచ్చట్లు వాటి చుట్టూ ఎన్నైనా పెట్టుకోవచ్చు.

హుగ్లీ గట్టు:
పంతులు గారి మాట నిజమే గాని, పొద్దున ముహూర్తమే కావాలని అమ్మాయి నాయనమ్మో తాతో పట్టుబడితే దారి లేకపోలేదు. పొద్దున మన పద్ధతిలో అంతా ముగించి, సాయంత్రం మంత్రం లేని స్త్రీ ఆచారాలు, అంటే సాత్ పాక్ (అమ్మాయిని పీట మీద ఎత్తుకుని అబ్బాయి చుట్టూ ఏడుసార్లు తిప్పడం), శుభ దృష్టి (ముఖానికి అడ్డం పెట్టిన ఆకులు దించి ఒకరినొకరు చూసుకోవడం), మాలా బదల్ (దండలు మార్చుకోవడం), చివర సింధూరం పెట్టుకుంటారు. దాంట్లో నష్టం ఏమిటంటే, పొద్దంతా పక్కపక్కన కూచున్న జంట సాయంత్రం తమలపాకులు అడ్డం పెట్టుకుని 'మొదటిసారి' చూసుకోవడం. వాళ్ళ పెద్దలకు అది నాటకంలా అనిపిస్తుంది. సాయంత్రం ఒకే లగ్నం దొరికితే అదే మేలు.

పులిచెర్ల పంతులు:
నిజానికి రెండు క్రమాలూ చాలా దగ్గర. కలిసేచోట కలిపి, తేడా ఉన్నచోట ఎవరిది ముందో రాసుకుంటే గంటన్నరలో అయిపోతుంది.

మనకు అడ్డతెర ఉంది, వాళ్ళకు అమ్మాయి ముఖానికి అడ్డంగా రెండు తమలపాకులు ఉన్నాయి. మేనమామ గంపలో తెస్తాడు మన దగ్గర, అన్నదమ్ములు పీట మీద ఎత్తుకుని తెస్తారు వాళ్ళ దగ్గర. మనకు లాజహోమంలో పేలాలు పోసేది పెళ్ళికూతురి తమ్ముడు, వాళ్ళకూ అంతే. సప్తపది ఇద్దరికీ ఉంది. తేడా వచ్చేది ఒక్కచోట. వాళ్ళకు శుభ దృష్టి ముందు, సంప్రదానం (వాళ్ళ కన్యాదానం) తర్వాత. మనకు తెర వెనకే కన్యాదానం అయి, ముహూర్తానికి జీలకర్ర బెల్లం పెట్టాక తెర తీస్తాం.

నేను చెప్పే క్రమం ఇది. గణపతి పూజ, వరపూజ ముహూర్తానికి గంట ముందు. ముహూర్తం ముప్పావు గంట ఉందనగా అమ్మాయిని పీట మీద ఎత్తుకొచ్చి సాత్ పాక్ తిప్పాలి, ఆకులు దించకుండా. అట్లే తెర వెనక కూచోబెట్టి కన్యాదానం. సరిగ్గా లగ్నానికి జీలకర్ర బెల్లం, తెర తీయడం, ఆకులు దించడం మూడూ ఒకేసారి. అదే వాళ్ళ శుభ దృష్టి. వెంటనే దండలు మార్చుకోవడం, మాంగల్యధారణ, తలంబ్రాలు. తర్వాత హోమం, లాజలు, సప్తపది. చివర సింధూరం, మెట్టెలు. అరుంధతి ఎట్లాగూ చేయి చూపించడమే, డిసెంబర్ సాయంత్రం సప్తర్షులు మన ఆకాశంలో ఉండరు.

హోమం వరుడి సూత్రం ప్రకారం చేయడం ఆనవాయితీ. మన పురోహితుల్లో ఎక్కువమంది కృష్ణయజుర్వేదం, ఆపస్తంబ సూత్రం. బెంగాలీ బ్రాహ్మణుల్లో సామవేదులు చాలామంది. అబ్బాయి వేదం, గోత్రం, ప్రవర, రెండు వైపులా మూడు తరాల పేర్లు ముందే కాగితం మీద తెలుగులో రాసి పెట్టండి. కన్యాదానంలో ఆ పేర్లు చదవాలి. పీటల మీద కూచున్నాక ముత్తాత పేరు కోసం కోల్‌కతాకు ఫోన్ చేస్తే లగ్నం దాటిపోతుంది. ఇద్దరు పురోహితులు ఉంటే ఫోన్లో ఒకసారి మాట్లాడించండి, ఏ ఘట్టం ఎవరిదో వాళ్ళే తేల్చుకుంటారు. పెద్దలు మధ్యలో దూరొద్దు.

స్వర్ణముఖి:
చాలా స్పష్టంగా ఉంది అయ్యవారూ. వాళ్ళ వైపు నుంచి మనం ముందుగా అడగాల్సినవి, మనం వాళ్ళకు చెప్పాల్సినవి ఏమున్నాయి?

హుగ్లీ గట్టు:
అక్కా, మొట్టమొదట అడగాల్సింది అబ్బాయి తల్లి గురించి. కొడుకు పెళ్ళి తల్లి కళ్ళారా చూడకూడదని బెంగాలీల్లో పాత ఆచారం. ఇప్పుడు చాలామంది పాటించరు, కొందరు గట్టిగా పాటిస్తారు. మనమేమో వియ్యపురాలికి పసుపు కుంకుమ ఇవ్వాలని, అప్పగింతల్లో అమ్మాయి చేతులు ఆమె చేతుల్లో పెట్టాలని చూస్తాం. ఆవిడ రాకపోతే మన వైపు వాళ్ళు అవమానం అనుకుంటారు. పాటించే ఇల్లయితే ఆవిడను విడిదిలోనే ఉండనిచ్చి, అప్పగింతలు విడిదిలో పెట్టుకోండి. ఈ సంగతి మన చుట్టాలకు కూడా ముందే చెప్పాలి.

మనం వాళ్ళకు చెప్పాల్సింది తాళిబొట్ల సంగతి. ఒకటి పుట్టింటిది, ఒకటి మెట్టినింటిది అని వాళ్ళకు తెలియదు. వాళ్ళకు ఎట్లా కావాలో ఫోటో పంపి అక్కడే చేయించమనండి, లేకుంటే ఇక్కడే రెండూ ఒకే కంసాలి దగ్గర చేయిస్తే జత కుదురుతుంది.

శాంఖా (తెల్ల శంఖు గాజు), పొలా (ఎర్ర గాజు) అమ్మాయి పుట్టింటివాళ్ళు పెట్టాలి. అంటే ఆ ఖర్చు, ఆ పని మీదే. లోహా, అంటే బంగారం తొడిగిన ఇనుప గాజు, అత్తగారు తొడుగుతారు. శాంఖా శంఖంతో చేసింది, సాగదు, వంగదు. మన గాజుల సైజే, రెండున్నాలుగు, రెండున్నారు అని, కాని మట్టిగాజు నలిపి ఎక్కించినట్టు ఎక్కిస్తే పగులుతుంది. పెళ్ళిరోజు పగలడం వాళ్ళకు అశుభం. సరిగ్గా పట్టే సైజు కన్నా ఒక సైజు పెద్దది తీసుకోండి, రెండు జతలు తెప్పించండి. చేతికి కొబ్బరినూనె రాసి, బొటనవేలు లోపలికి మడిచి తొడగాలి.

అబ్బాయి కిరీటం టోపోర్, అమ్మాయి ముకుటం షోలా బెండుతో చేస్తారు. విమానంలో చెక్ ఇన్ సామానులో వేస్తే పిండి అవుతుంది, గట్టి అట్టపెట్టెలో చేతిలోనే తేవాలి. తడి తగిలితే మెత్తబడుతుంది. ఇంకా ముఖ్యం, అది నిప్పుకు ఇట్టే అంటుకుంటుంది. హోమానికి ముందు ఇద్దరివీ తీయించి పక్కన పెట్టించాలి. బాసికం దారం ముందు కట్టి, పైన టోపోర్ పెడితే రెండూ నిలుస్తాయి. తర్వాత కట్టబోతే టోపోర్ ఒరిగిపోతుంది.

చీర గురించి చాలామంది భయపడతారు గాని, మధుపర్కం తెల్లచీర ఎర్రంచు వాళ్ళకు కొత్త కాదు. ఎర్రంచు తెల్లచీర వాళ్ళ ముత్తయిదువుల చీరే. అంచు బాగా వెడల్పుగా, ఎర్రగా ఉండేది చూడండి. శాంఖా పైకి అదే సొగసు.

అలిపిరి నీడ:
మండపం సంగతి నేను చెప్తా. టీటీడీ కల్యాణ మండపాలు ఊళ్ళో ఉన్నాయి, ఆన్‌లైన్లో చూసుకోవచ్చు. ఐదు వారాల్లో ముహూర్తాల రోజున దొరకడం కష్టం, ప్రైవేటు మండపాలకూ అదే రోజు అడగండి. మనవాళ్ళు ముందురోజు మధ్యాహ్నం నుంచి మర్నాడు మధ్యాహ్నం దాకా అని బుక్ చేస్తారు. మీకు లగ్నం సాయంత్రం కాబట్టి పొద్దున ఆరు నుంచి రాత్రి పన్నెండు దాకా కావాలి. ఆ గంటలు రసీదు మీద రాయించుకోండి. లేకపోతే రాత్రి తొమ్మిదికే మర్నాటి పెళ్ళివాళ్ళు అరిటిచెట్లు పట్టుకుని గేటు దగ్గర నిలబడతారు.

అడగాల్సినవి ఇంకా రెండు. హోమం లోపల చేయనిస్తారా? ఏసీ హాళ్ళలో పొగ సెన్సార్లు ఉంటాయి, హోమం మధ్యలో మోగితే అంతా ఆగిపోతుంది. స్టేజీ ముందు ఖాళీ ఎంత? సాత్ పాక్‌కు నలుగురు పీట మోస్తూ అబ్బాయి చుట్టూ ఏడుసార్లు తిరగాలి. మన కల్యాణ వేదిక నాలుగు స్తంభాల మధ్య పదడుగులు ఉంటుంది, అందులో సాధ్యం కాదు. స్టేజీ కింద పధ్నాలుగు అడుగుల చోటు కుర్చీలు వేయకుండా వదలమనండి. పీట నిండు చెక్కదై ఉండాలి, ప్లైవుడ్ వద్దు.

నాలుగు మూలలా అరిటిచెట్లు ఇద్దరికీ కావాల్సినవే. ముగ్గు వేసేచోటే వాళ్ళ ఆడవాళ్ళు బియ్యప్పిండి కలిపి అల్పన వేసుకుంటారు. రాళ్ళముగ్గు రంగులు నింపేయకుండా కొంత ఖాళీ ఉంచండి.

రేణిగుంట జంక్షన్:
వాన మరిచిపోయారు అందరూ. నవంబర్, డిసెంబర్ మనకు ఈశాన్య రుతుపవనం. 2021 నవంబర్లో తిరుపతి మునిగిన సంగతి, ఘాట్ రోడ్డు మీద కొండచరియలు పడిన సంగతి అందరికీ తెలుసు. ఆరుబయట షామియానా పెట్టొద్దు. కోల్‌కతా వాళ్ళను రెండు రోజుల ముందే రప్పించండి. విమానమైతే చెన్నైలో దిగి రోడ్డు మీద సుమారు 135 కిలోమీటర్లు. రైలైతే హౌరా–చెన్నై లైన్లో గూడూరులో ఆగే బండి చూసుకుంటే అక్కడినుంచి దాదాపు 95 కిలోమీటర్లు, చెన్నై దాకా పోయి వెనక్కి రావాల్సిన పని లేదు. పెద్దవాళ్ళు చలికోట్లు మోసుకొస్తారేమో, అవసరం లేదని చెప్పండి.

తిరుచానూరు అమ్మవారి బ్రహ్మోత్సవాలు కూడా ఆ రోజుల్లోనే పడతాయి. వాటి చివరి రోజు, పంచమీ తీర్థం రోజున ఆ వైపు మండపం గాని లాడ్జీ గాని వద్దు, బండ్లు కదలవు.

స్వర్ణముఖి:
భోజనాల గురించి ఎవరైనా చెప్తారా? వాళ్ళు పెళ్ళిలో చేప తప్పనిసరి అంటున్నారు.

చిత్తూరు వంటశాల:
మండపంలో చేప మాట ఎత్తకండి. టీటీడీ మండపాల్లో కుదరనే కుదరదు, తిరుపతి ప్రైవేటు మండపాల్లోనూ చాలావాటిలో శాకాహారమే. పసుపు రోజు అబ్బాయి ఇంటినుంచి వచ్చే తొత్తొ (కానుకల) పళ్ళేల్లో అలంకరించిన రోహు చేప ఉంటుంది. దానికి బదులు చేప ఆకారంలో చేసిన సందేశ్ అనే పాల మిఠాయి పెట్టడం వాళ్ళలోనే వాడుకలో ఉంది, కోల్‌కతా నుంచి అదే తెమ్మనండి. అసలు చేప వాళ్ళ బౌభాత్‌లో, అంటే కోల్‌కతా రిసెప్షన్‌లో తింటారు.

మన 350 మందికి మన భోజనం, దాంతో గొడవ లేదు. పులిహోర, వడ, పప్పు, ఉర్లగడ్డ వేపుడు, రసం, పాయసం, పెరుగు. మొత్తం నాలుగు వందలకు తలకు వంద గ్రాముల లెక్కన 40 కిలోల బియ్యం, రాత్రిపూట కాబట్టి 36 కిలోలు చాలు. వాళ్ళ 45 మందికి వేరే కౌంటర్ పెట్టండి, మనవాళ్ళూ రుచి చూస్తారు కాబట్టి 60 మందికి లెక్క వేయండి.

లూచీ (మైదా పూరీ): తలకు నాలుగు, 240. కిలో మైదాకు యాభై వస్తాయి, ఐదు కిలోలు. కిలోకు 60–70 గ్రాముల నూనె పిండిలో కలిపి, గోరువెచ్చని నీళ్ళతో గట్టిగా పిసికి అరగంట నానబెట్టాలి. పది నిమిషాలకే మెత్తబడతాయి, ముందే కాల్చి డబ్బాలో పోస్తే చపాతీ అయిపోతాయి. వడ్డించే చోటే పొయ్యి పెట్టించండి.

ఛోలార్ డాల్: శనగపప్పు రెండున్నర కిలోలు, కొబ్బరి ముక్కలు, అల్లం, ఇంగువ, కొంచెం చక్కెర. ఉల్లి, వెల్లుల్లి అక్కర్లేదు. మన వంటాయన చేయి అలవాటుగా ఎండుమిరపకాయల మీదికి పోతుంది, నాలుగైదు దాటనివ్వకండి. బేగున్ భాజాకు మన చిన్న వంకాయలు పనికిరావు, పెద్ద గుండు వంకాయలు ఆరు కిలోలు, వేలు మందాన చక్రాలు కోసి ఉప్పు పసుపు రాసి ఆవనూనెలో వేయించాలి. ఆవనూనె పొగ వచ్చేదాకా కాచి, కొంచెం దించి వేయాలి. లేకుంటే ఘాటు ముక్కుకు కొడుతుంది.

రసగుల్లా ఊళ్ళోనే దొరుకుతుంది. మిష్టి దోయ్ (తీపి పెరుగు) చేయిస్తే పది లీటర్ల పాలు ఏడు లీటర్లకు మరగబెట్టి, కరిగించిన చక్కెర కలిపి మట్టి ముంతల్లో తోడేస్తే 70 ముంతలు వస్తాయి. డిసెంబర్ రాత్రుల్లో తోడుకోవడం ఆలస్యం, గోనెపట్టా కప్పి ముందురోజు సాయంత్రమే తోడేయండి.

బెంగాలీ వంటమనిషి కోసం కోల్‌కతా దాకా పోనక్కర్లేదు. వేలూరులో సీఎంసీ ఆస్పత్రి చుట్టూ వైద్యానికి వచ్చే బెంగాలీల కోసం వాళ్ళ మెస్సులు ఉన్నాయి. తిరుపతి నుంచి రెండున్నర గంటలు, చిత్తూరు నుంచైతే ఇంకా దగ్గర. ఒక మనిషి రెండు రోజులకు వస్తే చాలు, మిగతా మన వంటవాళ్ళే అందుకుంటారు. ఆవనూనె, గోబిందభోగ్ బియ్యం కూడా అక్కడే అడిగి చూడండి.

హుగ్లీ గట్టు:
దీనికి ఒకటి కలపాలి. పెళ్ళిరోజు తెల్లవారకముందే దధి మంగళం అని పెరుగు, అటుకులు, మిఠాయి తినిపించి, అక్కడినుంచి పెళ్ళయ్యేదాకా ఇద్దరినీ ఉపవాసం ఉంచుతారు. మీ లగ్నం సాయంత్రం కాబట్టి ఇది చక్కగా అతుకుతుంది. మన నలుగు, వాళ్ళ గాయే హోలుద్ (పసుపు రాయడం) కూడా కలిపేయొచ్చు. అబ్బాయికి రాసిన పసుపులో మిగిలింది అమ్మాయికి పంపాలి, కాబట్టి విడిది పది నిమిషాల దూరంలో తీసుకోండి. అబ్బాయికి ఎనిమిదికి, అమ్మాయికి తొమ్మిదిన్నరకు.

దస్తావేజు:
ఇద్దరూ హిందువులు కాబట్టి హిందూ వివాహ చట్టం, 1955 చాలు. సెక్షన్ 7 ప్రకారం ఇద్దరిలో ఎవరి ఆచారం ప్రకారం చేసినా చెల్లుతుంది. సప్తపది ఉన్న ఆచారమైతే ఏడో అడుగుతో పెళ్ళి పూర్తయినట్టు. పనిలో పనిగా ముందే సర్టిఫికెట్ తీసుకుని తర్వాత పెళ్ళి చేద్దామని వీసా తొందరలో కొందరు చూస్తారు. ఆచారం జరగకుండా ఉత్త రిజిస్ట్రేషన్‌తో పెళ్ళి అయినట్టు కాదని 2024లో సుప్రీంకోర్టు చెప్పింది. ముందు పెళ్ళి, తర్వాతే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు.

ప్రత్యేక వివాహ చట్టం జోలికి పోతే 30 రోజుల నోటీసు, అంతకుముందు ఇద్దరిలో ఒకరు ఆ జిల్లాలో 30 రోజులు ఉండాలి. మీ ఐదు వారాల్లో అది ఊపిరాడనివ్వదు, అవసరమూ లేదు. పెళ్ళిపత్రిక, వయసు రుజువు, చిరునామా రుజువు, పెళ్ళి ఫోటోలు, ముగ్గురు సాక్షులు సిద్ధం పెట్టుకోండి. పత్రిక మీద ఇద్దరి పేర్లు పాస్‌పోర్టులో ఉన్న అక్షరాలతోనే వేయించండి. వాళ్ళలో ఇంట్లో పిలిచే పేరు ఒకటి, కాగితాల మీది పేరు ఒకటి. ఫోటోగ్రాఫర్‌కు మాంగల్యధారణ, సప్తపది, సింధూరం ముఖాలు కనబడేలా తీయమని ముందే చెప్పండి.

కోనేటిమెట్టు:
పత్రికలంటే గుర్తొచ్చింది. మొదటి పత్రిక శ్రీవారి పేరున కె.టి. రోడ్డులో టీటీడీ పరిపాలనా భవనానికి, కార్యనిర్వహణాధికారికి పంపితే తలంబ్రాలు, కంకణం, పసుపు కుంకుమ, ప్రసాదం వస్తాయి. ఈరోజే పంపండి, ముహూర్తానికి అందాలి కదా.

45 మందికి కొండ మీద దర్శనం అని మాట ఇవ్వకండి. 300 రూపాయల టికెట్లు నెలల ముందే అయిపోతాయి. శ్రీనివాసం, విష్ణు నివాసం, భూదేవి కాంప్లెక్స్ దగ్గర ఇచ్చే ఉచిత టోకెన్లకు ఆధార్‌తో ఎవరికి వాళ్ళు వరసలో నిలబడాలి. కొత్త జంట ఆరు నెలలు కొండెక్కకూడదని ఇక్కడ నమ్మకం ఉండనే ఉంది. వాళ్ళను శ్రీనివాస మంగాపురం తీసుకుపోండి, 12 కిలోమీటర్లే, తిరుచానూరు ఇంకా దగ్గర.

స్వర్ణముఖి:
అందరికీ చాలా థాంక్స్. మా సిద్ధాంతి గారు సప్తమ శుద్ధి పట్టుకునే మనిషే, మిథున లగ్నం అడుగుతాం. చివరిగా ఒకటి. మన మేళం వాళ్ళు గట్టిమేళం మొదలుపెడితే వాళ్ళ శంఖం, ఉలులు (ఆడవాళ్ళు నాలుక ఆడిస్తూ చేసే మంగళధ్వని) ఎవరికీ వినబడవు. ఏం చేయాలి?

హుగ్లీ గట్టు:
మేళం పెద్దాయనకు కాగితం రాసివ్వండి. సాత్ పాక్‌లో మేళం వద్దు, ఏడు చుట్లూ ఉలులే. జీలకర్ర బెల్లం, మాంగల్యధారణలకు గట్టిమేళం, వాళ్ళ ఆడవాళ్ళను కూడా అప్పుడే శంఖం ఊదమనండి. సింధూరానికి మళ్ళీ మేళం ఆపాలి. ఆ సమయంలో అమ్మాయి తల మీద కొత్త చీర కప్పి పట్టుకోవాలి, దాన్ని ముందే మడత విప్పి అబ్బాయి అక్క చేతికి ఇచ్చి ఉంచండి. సింధూరం కోల్‌కతాదే తెమ్మనండి, మన కుంకుమ రంగు వేరు. ముక్కు మీద రాలితే తుడవొద్దని మేకప్ అమ్మాయికి చెప్పండి, అది రాలడమే వాళ్ళకు కావాలి.

పులిచెర్ల పంతులు:
సాత్ పాక్‌కు ముప్పావు గంట అన్నాను, పీట మోసేవాళ్ళు కొత్తవాళ్ళయితే గంట పెట్టుకోండి. మేనమామ గంప కూడా కావాలంటే, గదిలోనుంచి స్టేజీ కిందిదాకా గంపలో, అక్కడ పీట మీదికి. మేనమామ ఊరుకోడు.